మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఇంటి ముందు నేలను ఆస్ట్రేలియా దేశీ మొక్కలతో కప్పడం ఎలా?

మెల్‌బోర్న్‌కు పడమట టార్నీట్, ట్రుగనీనా, విండమ్ వేల్, పాయింట్ కుక్ వంటి శివార్లలో ఇల్లు కట్టుకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇల్లు చేతికి వచ్చేనాటికి ముందు భాగంలో సాధారణంగా మిగిలేది యంత్రాలు తొక్కి గట్టిపరచిన బంకమట్టి, దానిపై పలుచగా పరచిన కొన్న మట్టి, ఆ పైన ఒక పచ్చిక చాప. ఆ పచ్చిక జనవరి ఎండలకు పసుపెక్కుతుంది, దాన్ని నిలబెట్టడానికి నీళ్ళ బిల్లు పెరుగుతుంది. అదే జాగాలో, ఈ నేలకే పుట్టి నేలబారుగా పాకే దేశీ మొక్కలను నాటితే, రెండు మూడేళ్ళలో మట్టి కనిపించనంత దట్టంగా కమ్ముకుని, ఆ తరువాత చాలా తక్కువ నీటితో నిలుస్తాయి. ఈ వ్యాసం ఆ పనిని మొదటి నుంచి చివరి వరకు వరుసగా వివరిస్తుంది.

ముందుగా క్యాలెండర్‌ను సరిచూసుకోవాలి. తొలకరి పడగానే జూన్, జూలైలలో మొక్క నాటడం మనకు చిన్ననాటి నుంచి అలవాటైన పద్ధతి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో జూన్, జూలై నెలలు చలికాలం నడిమి రోజులు. మట్టి చల్లబడి వేళ్ళు దాదాపు కదలకుండా ఉండే సమయం. ఇక్కడ నాటడానికి మేలైన అదను ఏప్రిల్, మే నెలలు. వేసవి వేడి ఇంకా మట్టిలో మిగిలి ఉంటుంది, వానలు మొదలవుతుంటాయి, వచ్చే డిసెంబరుకు ముందు వేళ్ళు లోతుకు దిగడానికి ఏడెనిమిది నెలల వ్యవధి దొరుకుతుంది. ఆ అదను తప్పితే ఆగస్టు చివర, సెప్టెంబరులలో నాటవచ్చు. అప్పుడు మొదటి వేసవిలో నీళ్ళ విషయంలో రెట్టింపు శ్రద్ధ కావాలి. నవంబరు తరువాత నాటడం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను.

మొదటి పని: మట్టిని చదవడం

ఈ ప్రాంతమంతా ప్రాచీన అగ్నిపర్వతాల లావా పరచుకుని ఏర్పడిన మైదానం. నల్లరాయి చితికి ఏర్పడిన ఇక్కడి బంకమట్టి, దక్కను పీఠభూమిలోని నల్లరేగడి వలెనే వానాకాలంలో ఉబ్బి కాలికి అంటుకుంటుంది, ఎండాకాలంలో నోళ్ళు తెరుస్తుంది. కర్నూలు, ఆదిలాబాద్ పొలాలను చూసినవారికి దీని నడత కొత్త కాదు. పైగా నగరం నడిబొడ్డున సంవత్సరానికి 600 మిల్లీమీటర్లకు పైగా వాన కురిస్తే, పడమటి శివార్లలో అది 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, అదీ ఋతుపవనంలా ఒక్కసారిగా కాక ఏడాది పొడుగునా చిన్న చిన్న జల్లులుగా పడుతుంది.

రెండు చిన్న పరీక్షలు చేయండి. 30 సెంటీమీటర్ల లోతున గుంత తవ్వి నీళ్ళతో నింపి, అది ఇంకిన తరువాత మరోసారి నింపి, రెండవసారి ఎంతసేపటికి ఇంకుతుందో గమనించండి. మరునాటికీ నీరు నిలిచే ఉంటే, అక్కడ మట్టిని 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున దిబ్బగా పోసి దానిపై నాటడమే దారి. రెండవది, వేలి కొనంత ఎండిన మట్టిపెళ్లను వాననీరు పోసిన గాజు గ్లాసులో కదపకుండా వదలండి. కొన్ని గంటలలో పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే ఆ మట్టిలో సోడియం ఎక్కువని అర్థం. అటువంటి నేలకు చదరపు మీటరుకు కిలో వరకు జిప్సం చల్లి పై పొరలో కలిపితే మట్టి గుల్లబారుతుంది. పెళ్ల విడిపోయినా నీరు తేటగానే ఉంటే జిప్సం కొనే అవసరం లేదు. తడి మట్టిని మాత్రం ఎప్పుడూ తవ్వకండి, తొక్కకండి. అది ఎండి ఇటుకలా తయారవుతుంది.

ఇంటి హద్దు దాటి రోడ్డు పక్క పట్టీలో కూడా నాటాలనుకుంటే, అది కౌన్సిల్ (స్థానిక పురపాలక సంస్థ) స్థలం కనుక ముందు అక్కడి నియమాలు చూసి అనుమతి తీసుకోవాలి. ఎక్కడ లోతుగా తవ్వుతున్నా, భూమిలోని గ్యాసు, విద్యుత్తు, టెలిఫోను లైన్ల పటాలను ఉచితంగా ఇచ్చే బిఫోర్ యు డిగ్ ఆస్ట్రేలియా సేవను అడిగి తెలుసుకున్న తరువాతే గడ్డపార ఎత్తండి.

రెండవ పని: పాత గడ్డిని వేళ్ళతో సహా వదిలించడం

ఇక్కడ కౌచ్ అని పిలిచే గడ్డి మన గరికే. వినాయకుడికి అర్పించే ఆ గరిక, దానికి తోడు ఆఫ్రికా నుంచి వచ్చిన కికుయు గడ్డి, ఈ రెండూ నేలకింద తీగలతో పాకుతాయి. వీటిని అలాగే వదిలి పైన మొక్కలు నాటితే, అవి కొత్త మొక్కల నడుమ నుంచి లేచి వస్తాయి; అప్పుడు గడ్డిని పీకితే మొక్క కూడా లేచి వస్తుంది. తోట చెడిపోయే కారణాలలో ఇదే అన్నిటికంటే పెద్దది, కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు.

ఈ రెండు గడ్డులూ వెచ్చటి నెలలలోనే చురుకుగా పెరుగుతాయి, కనుక వాటిపై పోరాటం కూడా డిసెంబరు, జనవరిలలోనే మొదలుపెట్టాలి. పై పచ్చికను పారతో చాపలా లేపి తీసివేసి, నేలలో కనిపించిన ప్రతి తెల్లటి తీగనూ ఏరివేయండి. తరువాత ఆ జాగాను నల్లటి మందపాటి ప్లాస్టిక్‌తో వేసవి అంతా కప్పి ఉంచండి. మార్చిలో తెరిచి, ఒకసారి బాగా తడిపి, రెండు మూడు వారాలు వేచి చూస్తే మిగిలిన ముక్కలు పచ్చటి కొనలు బయటపెడతాయి. వాటిని కూడా తవ్వి తీసిన తరువాతనే నాటడానికి సిద్ధమైనట్టు. పక్కింటివారి పచ్చిక ఆనుకుని ఉంటే, హద్దు వెంట 15 సెంటీమీటర్ల లోతున అంచు పలకలు దించకపోతే గరిక మళ్ళీ వస్తుంది.

మూడవ పని: స్థలాన్ని బట్టి మొక్కను ఎంచుకోవడం

రోజంతా ఎండపడే, బంకమట్టి ఉన్న విశాలమైన జాగాకు నేను మొదట సూచించేది మయోపోరమ్ పార్విఫోలియమ్, అంటే క్రీపింగ్ బూబియాల్లా. ఎత్తు 10 నుంచి 30 సెంటీమీటర్లు దాటదు. ఒక్క మొక్క మీటరు నుంచి మూడు మీటర్ల వరకు పరుచుకుంటుంది. కొమ్మ నేలను తాకిన చోటల్లా కణుపు దగ్గర వేరు వేస్తుంది కాబట్టి, మట్టిని పట్టి ఉంచే శక్తి దీనికి ఎక్కువ. వసంతం చివర నుంచి వేసవిలోకి చిన్న తెల్లటి నక్షత్రాల వంటి పూలు పూస్తుంది. సన్నని ఆకు, వెడల్పు ఆకు, ఊదా ఛాయ ఆకు రకాలు దొరుకుతాయి. మొదటిసారి తోట వేసేవారు సగం జాగాను దీనితో నింపినా తప్పులేదు.

దానికి తోడుగా రంగు కావాలంటే, రన్నింగ్ పోస్ట్‌మన్ అనే కెనెడియా ప్రోస్ట్రేటా ఉన్నది. మూడేసి ఆకుల గుత్తులతో నేలకు హత్తుకుని పాకే ఈ తీగ, చలికాలం చివర నుంచి వసంతమంతా చిక్కుడు పూవును తలపించే ఆకారంలో, నడుమ పసుపు మచ్చ ఉన్న ఎర్రటి పూలు పూస్తుంది. ఇదే కుటుంబంలోని హార్డెన్‌బెర్జియా వయొలేసియా ఊదా పూలతో ఆగస్టు నాటికే తోటను నింపుతుంది. కాని అది ఆసరా దొరికితే ఎక్కే తీగ, కనుక నేలపరుపుగా కావాలంటే పాకే రకమనే అడిగి తీసుకోండి. కెనెడియా రుబికుండా అనే పెద్ద తీగను మాత్రం చిన్న తోటలోకి తేవద్దు. అది పక్క మొక్కలనూ కంచెనూ కూడా కప్పివేస్తుంది.

మెట్ల పక్కన, కాలిబాట అంచున చిన్న జాగాలకు బ్రాకీస్కోమ్ మల్టిఫిడా చక్కగా సరిపోతుంది. దారాల వంటి చీలిన ఆకుల గుబురుపై లేత ఊదా రంగు చిన్న చామంతులు నెలల తరబడి పూస్తాయి. పసుపు గుండీల వంటి పూలు పూసే క్రైసోసెఫాలమ్ అపిక్యులేటమ్‌ను దాని పక్కన నాటితే రెండు రంగులూ ఒకదానినొకటి ఎత్తి చూపుతాయి. ఈ క్రైసోసెఫాలమ్ ఈ లావా మైదానాల గడ్డి భూములలో సహజంగా పెరిగే మొక్క. ఒకప్పుడు ఈ శివార్లన్నీ పూలతో నిండిన గడ్డి భూములే. ఇప్పుడు వాటిలో చాలా కొద్ది భాగమే మిగిలింది, ఆ మిగిలినదాన్ని 2008లో జాతీయ చట్టం కింద తీవ్ర ప్రమాదంలో ఉన్న సమూహంగా ప్రకటించారు. మన ఇళ్ళు లేచినది ఆ నేలపైనే కనుక, ఇంటి ముందు నాలుగు గజాలలోనైనా ఆ మొక్కకు తిరిగి చోటివ్వడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. బ్రాకీస్కోమ్, క్రైసోసెఫాలమ్ రెండూ మూడు నాలుగేళ్ళకు బలహీనపడతాయి. అది వాటి సహజ ఆయుష్షు, మీ పొరపాటు కాదు.

ఇసుక పాలు ఎక్కువగా ఉన్న సముద్రపు ఒడ్డు ఇళ్ళకు, రాళ్ళ కట్టల పైభాగానికి కార్పొబ్రోటస్ రోస్సీ అనువైనది. పిగ్‌ఫేస్ అనీ, కర్కల్లా అనీ పిలిచే ఈ మొక్క మందపాటి మూడంచుల ఆకులతో, మెరిసే గులాబీ ఊదా పూలతో పరుచుకుంటుంది. ఆదివాసీ ప్రజలు దీని పండునూ ఆకునూ అనాదిగా తింటున్నారు. పండు ఉప్పూ తీపీ కలిసిన రుచితో ఉంటుంది. కొనేటప్పుడు పేరు పూర్తిగా చదవండి. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన కార్పొబ్రోటస్ ఎడ్యులిస్ చూడటానికి ఇలాగే ఉంటుంది, పసుపు పూలు కూడా పూస్తుంది, ఇక్కడి సముద్రతీరాలలో కలుపుగా వ్యాపిస్తూ దేశీ రకంతో సంకరమవుతుంది.

నీడపడే దక్షిణ దిక్కు గోడ వెంట సంగతి వేరు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి తిరుగుతాడు కాబట్టి, ఇంటికి దక్షిణాన చలికాలమంతా ఎండ పడదు. అక్కడ కిడ్నీ వీడ్ అనే డైకోండ్రా రెపెన్స్‌ను గాని, నేటివ్ వయొలెట్ అనే వయోలా హెడరేసియాను గాని నాటండి. డైకోండ్రా ఆకు చిన్న మూత్రపిండం ఆకారంలో ఉండి, ఒకదానిపై ఒకటి పొరలుగా కమ్ముకుంటుంది. అప్పుడప్పుడు నడిచినా తట్టుకుంటుంది, పిల్లలు బంతాట ఆడే జాగాకు మాత్రం పనికిరాదు. ఈ రెండింటికీ తేమ కావాలి. నీడ ఉండి తేమ లేని చోట, అంటే పెద్ద చెట్టు కింద, చూరు కింద, ఐనాడియా న్యూటాన్స్ అనే సాల్ట్‌బుష్ నిలుస్తుంది; దాని చిన్న ఎర్రటి పండ్లను పిట్టలూ బల్లులూ తింటాయి.

గ్రెవీలియా అనే పూలపొదలలో కూడా నేలబారు రకాలు ఉన్నాయి. పూరిండా రాయల్ మాంటిల్ అనేది చాలా విశాలంగా, మూడు నాలుగు మీటర్ల వరకు పరుచుకుని, పళ్ళు తోముకునే బ్రష్ ఆకారంలోని ముదురు ఎరుపు పూలతో తేనెపిట్టలను పిలుస్తుంది. దీనికి దిబ్బ తప్పనిసరి. గ్రెవీలియా ఆకులు కొందరి చర్మానికి దురద తెప్పిస్తాయి కనుక చేతితొడుగులతోనే ముట్టుకోండి.

సిడ్నీ, బ్రిస్బేన్, పెర్త్‌లలో ఉన్నవారు ఈ పట్టికను ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవద్దు. బ్రిస్బేన్ ఉక్కపోతలో, పెర్త్ ఇసుకలో నిలిచే రకాలు వేరు. మీ కౌన్సిల్ ప్రచురించిన స్థానిక మొక్కల జాబితా చూసి ఎంచుకుంటే ఈ పద్ధతి అంతా యథాతథంగా పనికొస్తుంది.

నాలుగవ పని: చిన్న మొక్కలను కొనడం, నాటడం

పెద్ద కుండీ కొంటే తోట త్వరగా నిండుతుందని అనిపిస్తుంది, కాని ఈ మొక్కల విషయంలో అది సాధారణంగా నిజం కాదు. ట్యూబ్‌స్టాక్ అని పిలిచే, సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల లోతు ఉండే గొట్టపు కుండీలలోని చిన్న మొక్కలు చవక, పైగా వేళ్ళు ఇంకా చుట్టుకుపోనందున కొత్త మట్టిలోకి వేగంగా దిగుతాయి. స్థానిక దేశీ నర్సరీలలో ఇవి దొరుకుతాయి. కుండీ అడుగు రంధ్రంలో తెల్లటి వేరు కొనలు అప్పుడే తొంగిచూస్తున్న మొక్కను తీసుకోండి. గోధుమ రంగు వేళ్ళు చుట్టలు చుట్టుకుని బయటికి వేలాడుతుంటే వదిలేయండి. అడవులనుంచి, రోడ్డు పక్కల నుంచి మొక్కలు పీకి తేవడం చట్టవిరుద్ధం.

ఎడం విషయంలో, బూబియాల్లాకు మీటరు నుంచి మీటరున్నర, రాయల్ మాంటిల్‌కు రెండు మీటర్లు, కెనెడియాకు ముప్పాతిక మీటరు, బ్రాకీస్కోమ్‌కు అర మీటరు వదలండి. డైకోండ్రా అయితే చదరపు మీటరుకు అయిదారు మొక్కలు నాటితే ఒక ఏడాదిలో కలిసిపోతాయి. మొదటి సంవత్సరం నేల బోడిగా కనిపించడం సహజం. ఖాళీలు చూసి మరిన్ని మొక్కలు ఇరికించకండి.

నాటే ముందు కుండీని బక్కెట్ నీటిలో పూర్తిగా ముంచి, బుడగలు ఆగేవరకు ఉంచండి. ఎండిన వేరు ముద్ద ఒకసారి మట్టిలోకి వెళ్ళాక పై నుంచి ఎన్ని నీళ్ళు పోసినా లోపల తడవదు. గుంత వెడల్పు కుండీకి రెట్టింపు ఉండాలి, లోతు మాత్రం కుండీ అంతే ఉండాలి. నున్నగా అతుక్కుపోయిన బంకమట్టి గోడను వేరు చీల్చలేదు కాబట్టి, గుంత గోడలను గడ్డపార మొనతో గీకి గరుకు చేయండి. గుంతలో కొన్న మెత్తటి మట్టి నింపవద్దు. అలా చేస్తే వానాకాలంలో చుట్టూ ఉన్న బంకమట్టి నుంచి నీరంతా ఆ గుంతలోకే చేరి వేళ్ళు కుళ్ళుతాయి. తవ్విన మట్టినే చిదిపి తిరిగి వేయండి. కాండం మొదలు మట్టి మట్టానికి సమంగా ఉండేలా నాటి, చేతితో అదిమి, చిన్న పాదు చేసి రెండు లీటర్ల నీరు నెమ్మదిగా పోయండి.

తరువాత ముతక చెక్క ముక్కల మల్చ్‌ను 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన పరచి, కాండం చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. మల్చ్ కింద కలుపును ఆపే గుడ్డను పరచమని కొందరు చెబుతారు. పాకుతూ వేరు వేసే మొక్కలకు అది అడ్డు. కొమ్మ గుడ్డపైనే ఎండిపోతుంది.

ఎరువు ఎంత తక్కువైతే అంత మంచిది

ఇంత ప్రేమగా నాటిన మొక్కకు పిడికెడు పశువుల ఎరువు, కోళ్ళ ఎరువు గుళికలు వేయాలని మన చేతికి అనిపిస్తుంది. ఆ ఎరువు వంగకూ గోంగూరకూ బలం, గ్రెవీలియాకు విషం. దీని కారణం తెలుసుకుంటే పొరపాటు జరగదు.

ఆస్ట్రేలియా నేలలు కోట్ల సంవత్సరాలుగా వానకూ గాలికీ అరిగిపోయి, చాలాచోట్ల భాస్వరాన్ని దాదాపు కోల్పోయాయి. ఆ కొరతలో బతకడానికి గ్రెవీలియా, బ్యాంక్సియా, హేకియా ఉన్న కుటుంబం ప్రత్యేకమైన వేళ్ళను పెంచుకున్నది. మట్టి పైపొరలో సన్నని వేళ్ళు కుచ్చులుగా పుట్టి, ఆమ్లాలను వదిలి, మట్టి రేణువులకు అంటుకున్న భాస్వరాన్ని కూడా కరిగించి పీల్చుకుంటాయి. చిక్కు ఏమిటంటే, వీటిలో చాలా మొక్కలకు ఆ పీల్చడాన్ని ఆపుకోవడం చేతకాదు. ఎరువుతో భాస్వరం ఎక్కువగా అందితే అదంతా ఆకులకు చేరుతుంది; ముదురు ఆకుల అంచులు కాలినట్టు గోధుమ రంగుకు మారతాయి, లేత ఆకులు పాలిపోతాయి. అది చూసి బలం చాలలేదనుకుని మరింత ఎరువు వేస్తే మొక్క చనిపోతుంది. కెనెడియా, హార్డెన్‌బెర్జియాల వద్ద కూడా ఇదే జాగ్రత్త పాటించండి. బూబియాల్లా, డైకోండ్రా, సాల్ట్‌బుష్‌లకు ఇంత బెడద లేదు.

కాబట్టి నాటేటప్పుడు ఎరువు ఏదీ వద్దు. తరువాత వేయాలనిపిస్తే, దేశీ మొక్కల కోసమే తయారైన, భాస్వరం 2 శాతానికి లోపు ఉన్న నెమ్మదిగా కరిగే ఎరువును వసంతంలో ఒక్కసారి కొద్దిగా చల్లండి; సంచిపై ముద్రించిన అంకెలలో పి అనే అక్షరం ఎదుట ఉన్నది చూసుకోండి. కూరగాయల మడులు ఉన్న ఇంటిలో ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. మడులు ఎత్తులోనూ దేశీ మొక్కలు పల్లంలోనూ ఉంటే, మడికి వేసిన ఎరువు వాననీటితో జారి గ్రెవీలియా వేళ్ళకు చేరుతుంది. వాలు చూసి, గోంగూరనూ మెంతినీ కింది వైపు, గ్రెవీలియాను పై వైపు పెట్టండి.

మొదటి వేసవిలో నీళ్ళు

కరవును తట్టుకునే మొక్క అని చీటీపై రాసి ఉన్నా, ఆ శక్తి వేళ్ళు లోతుకు దిగిన తరువాత వచ్చేదే. మొదటి వేసవిలో, డిసెంబరు నుంచి మార్చి వరకు, వానలేని వారంలో ఒకసారి మొక్కకు నాలుగైదు లీటర్లు నెమ్మదిగా, లోతుగా దిగేలా పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైపొరలోనే తిరుగుతాయి, 40 డిగ్రీలు దాటించే ఉత్తరపు వేడిగాలి వీచిన రోజున వాడిపోతాయి. అటువంటి రోజు వస్తుందని వాతావరణ శాఖ చెప్పినప్పుడు ముందురోజు సాయంత్రమే తడపండి. పోయాలా వద్దా అనే సందేహం వస్తే, మల్చ్ తొలగించి వేలిని 5 సెంటీమీటర్ల లోతు దింపి చూడండి. తడి తగిలితే ఆగండి. మెల్‌బోర్న్‌లోని శాశ్వత నీటి వాడకపు నియమాల ప్రకారం స్ప్రింక్లర్, డ్రిప్ వంటి ఏర్పాట్లను సాయంత్రం 6 నుంచి ఉదయం 10 వరకే నడపాలి, మీట ఉన్న గొట్టంతో చేతితో ఎప్పుడైనా పోయవచ్చు.

రెండవ వేసవికి రెండు మూడు వారాలకొకసారి చాలు. మూడవ ఏడు నుంచి, డైకోండ్రా, వయొలెట్ మినహా, మండుటెండల వరుసలో తప్ప నీళ్ళ ఊసే అక్కరలేదు.

కలుపు, కత్తిరింపు, తోటలోకి వచ్చే ప్రాణులు

మొక్కలు కలిసిపోయే వరకు, అంటే మొదటి రెండేళ్ళు, నెలకొకసారి కూర్చుని కలుపు చేతితో తీయక తప్పదు. వాన పడిన మరునాడు మట్టి వదులుగా ఉన్నప్పుడు పులిచింత జాతికి చెందిన పసుపు పూల ఆక్సాలిస్‌ను చిన్న గడ్డతో సహా తవ్వి తీయండి. పూత అయిపోగానే కొమ్మల కొసలను కొద్దిగా కత్తిరిస్తే మొక్క గుబురవుతుంది. బ్రాకీస్కోమ్‌నైతే మూడోవంతు వరకు కోయవచ్చు. బూబియాల్లా ఏళ్ళు గడిచాక నడుమ బోడిపడితే, అంచున వేరుపోసుకున్న కొమ్మను తెచ్చి ఆ ఖాళీలో నాటండి.

దట్టంగా కమ్ముకున్న ఆకుల కింద బ్లూటంగ్ అనే నీలినాలుక బల్లి చేరవచ్చు. అది నత్తలను తింటుంది, మనుషుల జోలికి రాదు. అందుకే నత్తల మందు గుళికలు చల్లకండి. మందు తిన్న నత్తను తింటే బల్లీ చనిపోతుంది. కాలువలకు, ఖాళీ మైదానాలకు దగ్గరి ఇళ్ళలో పాములు కూడా రావచ్చు. అటువంటి చోట వాకిలికీ, పిల్లలు నడిచే దారికీ ఇరువైపులా అర మీటరు మేర నేలను తెరిపిగా ఉంచి, చేయి పెట్టే ముందు కర్రతో ఆకులను కదిపి, తొడుగులతో, మూసిన బూట్లతో పనిచేయండి.

మీ మొక్కల నుంచే కొత్త మొక్కలు

కెనెడియా కాయలు వేసవి మొదట్లో ఎండి చిట్లుతాయి. విత్తనాల పెంకు ఎంత గట్టిదంటే, మామూలుగా నాటితే ఏళ్ళ తరబడి మొలవవు. అడవిలో కార్చిచ్చు వేడికి ఆ పెంకు పగులుతుంది. ఇంట్లో ఆ పని వేడినీళ్ళు చేస్తాయి. విత్తనాలను కప్పులో వేసి, మరిగి పొయ్యి మీది నుంచి దించిన నీటిని పోసి, రాత్రంతా వదలండి. ఉదయానికి ఉబ్బి రెట్టింపైన విత్తనాలను ఏరి, వాటినే విత్తండి. ఉబ్బనివాటికి మరుసటి రాత్రి మళ్ళీ వేడినీళ్ళు పోయండి. బూబియాల్లా, బ్రాకీస్కోమ్, క్రైసోసెఫాలమ్‌లకు ఇంత శ్రమ లేదు. ఫిబ్రవరి, మార్చిలలో పూలులేని కొమ్మ కొసలను అరచేయి వెడల్పున కోసి, కింది సగం ఆకులు దూసి, ముతక ఇసుక కలిపిన మిశ్రమంలో గుచ్చి నీడలో తడిగా ఉంచితే కొన్ని వారాలలో వేరు పడుతుంది. వాటిని చలికాలం కుండీలలోనే దాటించి, ఆగస్టు చివర ఖాళీలున్న చోట నాటండి, లేదా కొత్తగా ఇల్లు తీసుకున్న పక్క వీధి వారికి ఇవ్వండి.